1987 వ్యానగాన్ క్యాంపర్: "ఇంజన్ రీబిల్డ్ చేయించాం" అంటున్నారు, ఎంతవరకు నమ్మొచ్చు?

గోదారి_గట్టు | శాక్రమెంటో

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ ఒకటి కొనాలని మా ఆవిడా నేనూ గట్టిగా అనుకున్నాం. పిల్లలిద్దరూ ఇంకా చిన్నవాళ్ళు. సెలవుల్లో రెడ్‌వుడ్ అడవులు, ఒరెగాన్ సముద్రతీరం, కుదిరితే ఎల్లోస్టోన్ దాకా తిప్పాలని ఆశ.

రెండు బళ్ళు చూశాం. ఒకటి 1987 వ్యానగాన్ వెస్ట్‌ఫాలియా, 2.1 లీటర్ల వాటర్‌బాక్సర్ (నీళ్ళతో చల్లారే) ఇంజన్, మాన్యువల్ గేర్లు. 30 వేల మైళ్ళ కిందట ఇంజన్ రీబిల్డ్ (విప్పి, అరిగినవి మార్చి బిగించడం) చేయించానని ఓనరు చెబుతున్నాడు. చూపించిన రసీదులో "ఇంజన్ రీబిల్డ్, పార్టులు, లేబర్" అని ఒక్క లైను, కింద మొత్తం, అంతే. చేసిన షాపు మూసేశారట. ఇంజన్ మాత్రం చూడ్డానికి కొత్తదానిలా మెరిసిపోతోంది.

రెండోది 1985, 1.9 లీటర్లు. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, 1,60,000 మైళ్ళు తిరిగింది. పెద్దాయన ఒక్కరే మొదటినుంచీ వాడారు, సర్వీసు కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకున్నారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు టాపెట్ సౌండు వచ్చి పోతుంది. మొదటిదానికంటే 9 వేల డాలర్లు తక్కువ చెబుతున్నారు.

రీబిల్డ్ అయినదానికి అంత ఎక్కువ పెట్టొచ్చా? పిల్లలతో వెళ్తూ ఏ ఘాట్ రోడ్డు మధ్యలోనో ఆగిపోతే ఎలా అన్నదే మా టెన్షన్.


శాన్‌హోజే_శీను | శాన్ హోజే

నేనైతే 1987 బండే తీసుకుంటాను. 1,60,000 మైళ్ళ ఇంజన్ ఇవాళో రేపో పనికి వస్తుంది. ఆ ఖర్చు వేరొకరు పెట్టేశారు కదా.


బెజవాడ_బోరింగ్ | హ్యూస్టన్

శీను గారూ, ఖర్చు పెట్టారన్నది నిజమే కావచ్చు. దేనిమీద పెట్టారో ఆ రసీదు చెప్పడం లేదు.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్, క్రాంకు గ్రైండింగ్ షాపు ఉండేది. నా చిన్నతనమంతా లారీ ఇంజన్ల మధ్యే గడిచింది. ఇంజన్ పనికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. బండి అమ్మేస్తున్నాం, రింగులు మార్చి పొగ ఆపితే చాలు అనేవాళ్ళు కొందరు. ఇంకో పదేళ్ళు తిప్పుకోవాలి, ఏది అరిగితే అది మార్చండి అనేవాళ్ళు కొందరు. షాపులోంచి బయటికి వచ్చేటప్పుడు రెండు ఇంజన్లూ కడిగి, రంగేసి ఒకేలా కనిపిస్తాయి. పైన పటారం లోన లొటారం అని మనవాళ్ళు అన్నది ఇలాంటివాటికే. మెరుపు చూసి డబ్బు పెట్టకండి.

నాన్న ప్రతి ఇంజన్‌కీ ఒక చీటీ రాసేవారు. క్రాంకు జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) సైజు ఎంత, గ్రైండింగ్ చేశాక ఎంత, ఏ అండర్‌సైజు బేరింగు వేశారు, బోరు ఎక్కడ ఎంత అరిగింది, పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ ఎంత. మైక్రోమీటరు పట్టకుండా వేళ్ళతో తడిమి "బాగానే ఉంది" అనే మనిషికి ఆయన క్రాంకు ఇచ్చేవారు కాదు. మీరు చూస్తున్న బండి విషయంలోనూ అడగాల్సింది ఆ చీటీయే.

ఈ ఇంజన్ వరకు నేను చూసేవి ఇవి. కేసు (ఇంజన్ బయటి పెట్టె) రెండు సగాలూ విడదీశారా, లేక హెడ్లు విప్పి మళ్ళీ బిగించారా? మెయిన్ బేరింగులు కూర్చునే గాడి కొలిచారా, లైన్ బోరింగ్ (ఆ గాడులన్నీ ఒకే వరసలో సరిచేయడం) అవసరమైతే చేశారా? క్రాంకు ఎండ్ ప్లే, అంటే అది ముందుకీ వెనక్కీ కదిలే ఖాళీ, ఎంత వచ్చింది? ఫోక్స్‌వ్యాగన్ ఫ్లాట్ ఫోర్లలో (నాలుగు సిలిండర్లు అటు రెండు ఇటు రెండు పడుకుని ఉండే ఇంజన్లు) అది 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, 0.15 దాటితే అరిగిపోయినట్టే. ఫ్లైవీల్ దగ్గర మూడు షిమ్ములు సరిపెట్టి ఆ కొలత తెస్తారు. నిజంగా ఇంజన్ విప్పి బిగించినవాడికి ఈ అంకె గుర్తుంటుంది, కనీసం ఎక్కడో రాసుకుని ఉంటాడు. పిస్టన్లు, బ్యారెల్సు కొత్తవా, పాతవాటికే హోనింగ్ చేసి రింగులు వేశారా? హెడ్లు కొత్తవా, వెల్డింగ్ చేసిన పాతవా?

వీటికి జవాబుల్లేకపోతే అది ఇంజన్ పని జరిగిన బండి, అంతవరకే. ఆ 9 వేలు మాత్రం పెట్టకండి.


వెస్టీ_వనజ | పోర్ట్‌లాండ్

బోరింగ్ గారు చెప్పినవాటికి తోడు, వాటర్‌బాక్సర్‌కే ప్రత్యేకమైన రెండు విషయాలు ఉన్నాయి. మాది 1989 వెస్ట్‌ఫాలియా, అదే 2.1 ఇంజన్. ఇంజన్ దించినప్పుడు పక్కనే కూర్చుని అన్నీ చూశాను.

మొదటిది హెడ్లు. మామూలు కారులో హెడ్ గ్యాస్కెట్ అంటే ఒకే రేకు. ఇందులో మంటని ఆపే లోహపు రింగు ప్రతి బ్యారెల్‌కీ విడిగా ఉంటుంది. నీళ్ళని ఆపేది హెడ్ అంచు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్. ఆ రబ్బరు ఆనే చోట అల్యూమినియం తుప్పు పట్టి గుంటలు పడితే నీళ్ళు బయటికే కారతాయి. అందుకే ఈ ఇంజన్లలో హెడ్ గ్యాస్కెట్ పోతోందంటే చాలాసార్లు ఆయిల్లో నీళ్ళు కలవవు, పొగ గొట్టంలో తెల్ల పొగా రాదు. హెడ్ కీళ్ళ దగ్గర తడి, ఎండిన కూలెంట్ పొలుసులు కనిపిస్తాయి. టార్చి పట్టుకుని కిందకి దూరి చూస్తే తెలిసిపోతుంది.

దీనికి పెద్ద కారణం తప్పుడు కూలెంట్. ఫోక్స్‌వ్యాగన్ మొదటినుంచీ ఫాస్ఫేట్ లేని కూలెంట్ వాడమని చెప్పింది. అమెరికాలో ఏళ్ళ తరబడి దుకాణంలో దొరికిన ఆకుపచ్చ నీళ్ళు పోసేశారు. కొళాయి నీళ్ళు కలిపినవాళ్ళూ ఉన్నారు. పాత హెడ్లనే రుద్ది, గుంటల్లో సీలెంట్ నింపి మళ్ళీ బిగించే షాపులు ఉన్నాయి. అది కొన్నాళ్ళు ఆగుతుంది, తర్వాత అదే చోట కారుతుంది. కొత్త హెడ్లు వేయడం ఒక్కటే దారి. స్పెయిన్‌లో తయారయ్యే ఏఎంసీ హెడ్లు ఎక్కువమంది వాడతారు.

రెండోది 2.1 లో కనెక్టింగ్ రాడ్ బోల్టులు. 1.9 కి స్ట్రోకు 69 మిల్లీమీటర్లు, 2.1 కి 76. బోరు రెండిటికీ 94. ఆ పెద్ద ఇంజన్‌లో రాడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం. ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు. వయసు మీద పడ్డ 2.1 లో బోల్టు తెగి, రాడ్డు కేసులోంచి బయటికి పొడుచుకు రావడం కొత్త సంగతేం కాదు. అప్పుడు రీబిల్డ్ చేయడానికి ఏమీ మిగలదు, కేసే పోతుంది. కాబట్టి రీబిల్డ్‌లో రాడ్డులు విప్పి బిగ్ ఎండ్ గుండ్రంగా ఉందో లేదో చూసి, సరిచేయించి, కొత్త బోల్టులు వేశారా అన్నది తప్పనిసరిగా అడగాలి. మాకు తెలిసిన కుటుంబం ఒకటి హెడ్లు, పిస్టన్లు కొత్తవి వేయించుకుని ఇంజన్ కొత్తదైందనుకున్నారు. రాడ్డుల జోలికి షాపు వెళ్ళలేదు. పై సగం కొత్తది కావడంతో బండి మంచి జోరుగా పోయేది. కొండ ఎక్కుతుండగా రాడ్డు పోయింది.

గోదారి గారూ, 1987 బండి కిందకి దూరి హెడ్ల కింది అంచు చూశారా?


గోదారి_గట్టు

వనజ గారూ, చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఫోనులో తీసిన ఫొటోలు మళ్ళీ చూశాను. ఎడమవైపు హెడ్ కింద, ఎగ్జాస్ట్ పైపు పక్కన తెల్లగా పొలుసుల్లాంటిది ఉంది. రోడ్డు మీద ఉప్పు అనుకున్నాను. కూలెంట్ ట్యాంకులో నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. ఇప్పుడు భయం వేస్తోంది.

ఇంకోటి. టెస్ట్ డ్రైవ్‌లో టెంపరేచర్ మీటర్లో ఎర్ర లైటు కాసేపు కొట్టుకుంది. లెవెల్ సెన్సరు పాడైందని, పట్టించుకోనక్కర్లేదని ఆయన చెప్పారు.


వెస్టీ_వనజ

ఆ లైటు రెండు కారణాలకి కొట్టుకుంటుంది: కూలెంట్ తగ్గినా, వేడి ఎక్కువైనా. సెన్సరు పాడవడం కూడా మామూలే. కానీ ఆకుపచ్చ కూలెంటు, హెడ్ కింద పొలుసులు, కొట్టుకునే లైటు, ఈ మూడూ ఒకే బండిలో ఉన్నప్పుడు నేను సెన్సరు మాట నమ్మను.


మెసా_మూర్తి | మెసా, అరిజోనా

నాది ఎయిర్ కూల్డ్ (గాలితో చల్లారే) ఇంజన్, 1976 ఫోక్స్‌వ్యాగన్ బస్సు, 2.0 లీటర్ల టైప్ 4 ఇంజన్. ఇది కూడా రీబిల్డే. ఎండాకాలం ఇక్కడ నిప్పులు చెరుగుతుంది, అయినా ఏళ్ళుగా నమ్మకంగా తిరుగుతోంది. కారణం ఇంజన్ ఒక్కటే కాదు.

ఎయిర్ కూల్డ్ ఇంజన్ చుట్టూ గాలిని దారి మళ్ళించే రేకులు ఉంటాయి. ఇంజన్ అరలో అంచు చుట్టూ సీలు ఉంటుంది, కింద వేడి గాలి పైకి రాకుండా. చాలా షాపులు ఇంజన్ దించినప్పుడు ఆ రేకుల్లో ఒకటి రెండు తుప్పు పట్టాయని పారేస్తాయి, సీలు వేయనే వేయవు. ఇంజన్ కొత్తది, గాలి మాత్రం తన వేడినే తాను మళ్ళీ పీల్చుకుంటుంది. టైప్ 4 హెడ్లు వేడికి వాల్వుల మధ్య పగుళ్ళు ఇస్తాయి, వాల్వు సీటు ఊడి సిలిండర్లో పడితే ఆ రోజుతో ప్రయాణం ముగిసినట్టే. నేను స్పార్క్ ప్లగ్ కింద హెడ్ టెంపరేచర్ సెన్సర్ పెట్టుకున్నాను. ఎక్కుడు రోడ్డులో ముల్లు 400 ఫారెన్‌హీట్ దగ్గరికి వెళ్తుంటే గేరు తగ్గించి నెమ్మదిస్తాను.

నీళ్ళతో చల్లారే మీ బళ్ళకీ ఇదే వర్తిస్తుంది. రేడియేటరు ముందు, ఇంజను వెనక, మధ్యలో బండి పొడవునా పైపులు. సుమారు 17 లీటర్ల కూలెంటు అటూ ఇటూ ప్రయాణం చేస్తుంది. ఇంజన్ కొత్తదై రేడియేటర్, పైపులు, హోసులు 1987 నాటివే అయితే ఆ ఇంజన్ ఆయుష్షు వాటి చేతిలో ఉన్నట్టే.


శాన్‌హోజే_శీను

నాకు ఒక సందేహం. వారంటీ ఇచ్చే పెద్ద రీబిల్డర్ల దగ్గర పూర్తి లాంగ్ బ్లాక్ (హెడ్లతో సహా బిగించి ఇచ్చే ఇంజన్) కొనేస్తే ఈ గొడవలేమీ ఉండవు కదా? రెండు మూడేళ్ళ వారంటీ ఇస్తారు.


బెజవాడ_బోరింగ్

కొలతలు పాటించే మంచి రీబిల్డర్లు ఉన్నారు, కాదనను. అయితే వారంటీ కాగితం చివరిదాకా చదవండి. చాలామంది ఇంజన్ బ్లాకు మీద, హెడ్ల మీద హీట్ ట్యాబ్ అని చిన్న బిళ్ళ అతికిస్తారు. ఇంజన్ ఒక హద్దు దాటి వేడెక్కితే దాని నడిబొడ్డు కరిగిపోతుంది. కరిగిందా, వారంటీ పోయింది. మూర్తి గారు చెప్పిన పాత రేడియేటరుకే కొత్త ఇంజన్ బిగించి, అది వేడెక్కి, బిళ్ళ కరిగితే ఎవరినీ అడగలేం. రీబిల్డర్ని నేను తప్పుపట్టను, ఆయన పంపింది ఇంజన్, వేడెక్కించింది బండి. అలాగే వారంటీలో పార్టులే వస్తాయా, ఇంజన్ దించి ఎక్కించే లేబర్ కూడా వస్తుందా అన్నది చూసుకోవాలి. ఎల్లోస్టోన్‌లో ఆగిపోతే టోయింగ్ ఖర్చే తడిసి మోపెడవుతుంది.


కొలరాడో_కృష్ణ | డెన్వర్

ఇంతమంది వాటర్‌బాక్సర్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో దారి గురించి నేను చెబుతాను. నా 1986 సింక్రోలో (నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న వ్యానగాన్) సుబారు ఈజే22 ఇంజన్ పెట్టించాను. 1990 నుంచి 1994 దాకా లెగసీ కార్లలో వచ్చిన 2.2 లీటర్ల ఇంజన్. ఇదీ ఫ్లాట్ ఫోరే కాబట్టి వ్యానగాన్ వెనక చక్కగా కూర్చుంటుంది. ఫోక్స్‌వ్యాగన్ 2.1 ఇచ్చేది 95 హార్స్‌పవర్, 1.9 ఇచ్చేది 82. ఈజే22 దాదాపు 130 ఇస్తుంది.

ఇక్కడ ఆ తేడా బాగా తెలుస్తుంది. ఐ-70 మీద ఐసెన్‌హవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తులో టర్బో లేని ఏ ఇంజనైనా మూడోవంతు బలం పోగొట్టుకుంటుంది. పెట్టె బేడా, పిల్లలు, ఫ్రిజ్, పొయ్యి, మంచాలు వేసుకుని 82 హార్స్‌పవర్‌లో మూడోవంతు తీసేస్తే ఏం మిగులుతుందో చూడండి. లారీల లైనులో రెండో గేరులో పాకడమే. వాటర్‌బాక్సర్లు పాడవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. మనం ఆ చిన్న ఇంజన్‌తో మోయించే బరువు ఎక్కువ.

సుబారుదే 2.5 లీటర్ల ఈజే25 జోలికి మాత్రం పోకండి. పాత ఈజే25 ల హెడ్ గ్యాస్కెట్ గోల తెలిసిందే. ఒక గోల వదిలించుకుని ఇంకోటి తెచ్చుకున్నట్టు అవుతుంది.


గోదారి_గట్టు

కృష్ణ గారూ, మేము కాలిఫోర్నియాలో ఉన్నాం. స్మాగ్ టెస్టులో (బండి పొగ పరీక్ష) సుబారు ఇంజన్ ఒప్పుకుంటారా?


కొలరాడో_కృష్ణ

ఒప్పుకుంటారు, పద్ధతి ప్రకారం చేస్తే. అక్కడ పాత పెట్రోలు బళ్ళలో 1975, అంతకుముందు మోడళ్ళకే స్మాగ్ మినహాయింపు. పెట్రోలు వ్యానగాన్‌లు అన్నీ టెస్టుకి వెళ్ళాల్సిందే. ఇంజన్ మార్చినప్పుడు అది బండి మోడల్ సంవత్సరానిదో, తర్వాతదో అయి ఉండాలి. ఆ ఇంజన్‌తో వచ్చిన కాటలిటిక్ కన్వర్టరు, ఆక్సిజన్ సెన్సరు, మిగతా ఎమిషన్ సామానంతా ఉండాలి. ఇలాంటి మార్పులు తనిఖీ చేసే స్మాగ్ రెఫరీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చూసి స్టిక్కర్ అతికిస్తారు. ఇప్పటికే సుబారు ఇంజన్ పెట్టిన బండి కొంటుంటే ముందు ఆ స్టిక్కర్ ఉందో లేదో చూడండి. లేకపోతే బేరం ఎంత బాగున్నా వద్దు.


వెస్టీ_వనజ

కృష్ణ గారి బండి గురించి నేను కాదనను. కానీ సుబారు మార్పిడిలోనూ అదే ప్రశ్న వస్తుంది: ఎవరు చేశారు? వైరింగ్ కోసి కుదించాలి, అడాప్టర్ ప్లేటు వేయాలి, హోసులు, ఎగ్జాస్టు, ఆయిల్ పాన్ అన్నీ మార్చాలి. వైరింగు చిక్కుల వల్ల సగంలో ఆగిపోయిన బళ్ళు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఆ లెగసీ ఇంజన్ కూడా ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు దాటినదే, ఏ జంక్‌యార్డులోంచి తెచ్చారో దాని చరిత్రా అడగాలి. వాటర్‌బాక్సర్ సరిగ్గా చేయిస్తే రోజువారీ తిరుగుడుకి చాలు. 65 మైళ్ళ వేగం దాటించకుండా, ఎక్కుడులో ఓపిగ్గా వెళ్ళేవాళ్ళకి అది నమ్మకమైన ఇంజనే. నాకు దాని మెత్తదనం ఇష్టం, అందుకే అట్టిపెట్టుకున్నాను.


హైదరాబాద్_హైవే | హైదరాబాద్

ఇక్కడినుంచి చదువుతున్నాను. మా దగ్గర పాత టెంపో ట్రావెలర్ కొని క్యాంపర్‌గా మార్చుకున్నాం. మెర్సిడెస్ లైసెన్సుతో బజాజ్ టెంపో చేసిన ఓఎం616 డీజిల్ ఇంజన్, అదీ ఒకసారి పూర్తిగా పని చేయించినదే. మీ చర్చ చూస్తుంటే మాకు ఎంత సుఖమో అర్థమైంది. ఈ ఇంజన్ పని తెలిసినవాళ్ళు ఊరూరా ఉన్నారు, పార్టులు ఏ ఆటోనగర్‌కి వెళ్ళినా దొరుకుతాయి, బోరింగ్ పని ఎదురుగా నిలబడి చేయించుకోవచ్చు. అక్కడ వ్యానగాన్ ఇంజన్ తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాలంటేనే వేరే రాష్ట్రం పోవాలేమో. గోదారి గారూ, మీ ఇంటికి దగ్గర్లో ఆ ఇంజన్ బాగా తెలిసిన మనిషి ఉన్నారా? నా మట్టుకు బండి కొనే ముందు ఆ ప్రశ్నే అడుగుతాను.


సియాటిల్_శిరీష | సియాటిల్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా 1988 బండికి పోయిన నెలలోనే రీబిల్డ్ చేసిన ఇంజన్ ఎక్కించారు. కొలతల షీటు ఇచ్చారు, హెడ్లు కొత్తవి, రాడ్ బోల్టులు కొత్తవి. కానీ పొద్దున్నే టక్ టక్ మని సౌండు వస్తోంది, కొన్ని నిమిషాలకి పోతుంది. షాపులో అడిగితే లిఫ్టర్లు సర్దుకుంటాయన్నారు. నమ్మాలా? కొత్త ఇంజన్ని మొదట్లో ఎలా నడపాలో కూడా చెప్పండి.


బెజవాడ_బోరింగ్

శిరీష గారూ, వీటిలో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. లోపల ఆయిల్ నిండి ఉంటేనే చప్పుడు చేయవు. బండి ఎక్కువసేపు ఆగి ఉంటే కొన్నింటిలోంచి ఆయిల్ దిగిపోతుంది, స్టార్ట్ చేశాక మళ్ళీ నిండేదాకా టక్ టక్ మంటాయి. కొత్త ఇంజన్‌లో గాలి పూర్తిగా పోవడానికి కొంత తిరగాలి. ఇంజన్ వేడెక్కాక కూడా సౌండు వస్తున్నా, కింద నుంచి బరువుగా దబ్ దబ్ మని వినిపించినా వెంటనే ఆపేసి ఆయిల్ ప్రెషర్ కొలిపించండి. ఆ బరువు చప్పుడు బేరింగులది.

రన్నింగ్-ఇన్ విషయానికొస్తే, మొట్టమొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు క్యామ్, లిఫ్టర్లు ఒకదానికొకటి కుదురుకోవాలి. అందుకు ఐడిల్‌లో వదలకుండా 2000 ఆర్‌పీఎం పైన ఓ ఇరవై నిమిషాలు తిప్పుతారు. ఆ పని మీ షాపు చేసే ఉంటుంది, అడిగి తెలుసుకోండి. ఇక మీరు చేయాల్సింది ఏమంటే, మొదటి కొన్ని వందల మైళ్ళు ఒకే వేగంతో హైవే మీద పోకండి. వేగం మారుస్తూ, అప్పుడప్పుడు ఓ మోస్తరు బరువు పడేలా యాక్సిలరేటర్ తొక్కి వదులుతూ నడిపితే రింగులు బోరుకి పట్టుకుంటాయి. మరీ సుకుమారంగా నడిపితే రింగులు కుదరక తర్వాత ఆయిల్ తాగుతుంది. మన ఊళ్ళో కొత్త ఇంజన్ అనగానే 40 దాటకుండా నడపమంటారు, అదొక్కటే చాలదు. మొదటి ఆయిల్ తొందరగా మార్చండి. ఆయిల్ ఫిల్టరు కోసి మడతలు విప్పి చూడండి. సన్నటి పొడి లాంటిది మామూలే. రాగి రంగు రేకులు కనిపిస్తే షాపుకి వెళ్ళండి. క్యామ్ కోసం జింకు ఎక్కువున్న ఆయిల్ వాడితే మంచిది.


మెసా_మూర్తి

ఒక్క మాట కలుపుతాను. కూలెంట్ టెంపరేచరు ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పే సెన్సరు ఒకటుంది, టెంప్ 2 అంటారు. అది పాడైతే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కొత్త రింగుల్ని తినేస్తుంది. చవకైన పార్టు, రీబిల్డ్‌తో పాటే మార్చేయాలి. మా మిత్రుడి బండిలో కొత్త ఇంజన్‌కి పాత సెన్సరే బిగించారు. ఏడాది తిరక్కుండానే పొగ మొదలైంది.


గోదారి_గట్టు

అందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని మళ్ళీ రెండు బళ్ళూ చూసొచ్చాను. హైదరాబాద్ హైవే గారి ప్రశ్న పుణ్యమా అని మా దగ్గర్లోనే ఈ బళ్ళ మీద పనిచేసే పెద్దాయన దొరికారు. ఆయన్నీ వెంట తీసుకెళ్ళాను.

ఆయన ఆయిల్ ప్రెషర్ సెన్సరు విప్పి అక్కడ మామూలు గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక చూశారు. ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 2000 ఆర్‌పీఎంలో కనీసం 2 బార్, అంటే 29 పీఎస్‌ఐ ఉండాలన్నారు. 1987 బండిలో 22 చూపించింది. 30 వేల మైళ్ళ కిందట బేరింగులు కొత్తవి వేసి ఉంటే ఇంత తక్కువ రాదని ఆయన మాట. హెడ్ కింద పొలుసులు కూలెంటేనని గీకి చూపించారు. హెడ్‌ని పట్టుకునే ఒక స్టడ్డు చివర నట్టు తుప్పు పట్టి సగం అయిపోయింది. కేసు విడదీశారా అని ఓనర్ని అడిగితే హెడ్లు "చేయించాం" అన్నారే తప్ప అంతకుమించి ఏమీ చెప్పలేకపోయారు. ఆయన మోసం చేస్తున్నారని నేననుకోను. షాపు చెప్పిందే ఆయన నమ్మారు.

1985 బండిలో 34 వచ్చింది. లీక్‌డౌన్ టెస్టులో (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూడడం) నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఫైల్లో ప్రతి కూలెంట్ మార్పిడి రసీదూ ఉంది, అన్నీ ఫాస్ఫేట్ లేనిదే. హెడ్ అంచులు పొడిగా ఉన్నాయి. కింద పుష్‌రాడ్ ట్యూబు సీళ్ళ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది, అది ఈ వయసులో మామూలే అన్నారు.

1985 తీసుకుంటున్నాం. మిగిలిన డబ్బులో కొంత ఇప్పుడే రేడియేటరు, హోసులు, థర్మోస్టాటు, వాటర్ పంపుకి పెట్టి, మిగతాది ఇంజన్ కోసం పక్కన పెట్టాలని నిర్ణయించాం. దించే రోజు వస్తే బోరింగ్ గారు చెప్పిన కొలతలన్నీ రాసి ఇచ్చే షాపులోనే చేయిస్తాను. శీను గారూ, మీ సలహాకీ థాంక్స్.


శాన్‌హోజే_శీను

ఆ 22, 34 అంకెలు చూశాక నేనూ మీవైపే. ఒక గేజి ఇంత చెబుతుందని తెలియదు.


బెజవాడ_బోరింగ్

చాలా సంతోషం. 1.9 కింది భాగం గట్టిది, స్ట్రోకు తక్కువ కాబట్టి రాడ్డుల మీద అంత ఒత్తిడి పడదు. రీబిల్డ్ చేయించే రోజు వచ్చినప్పుడు ఎవరైనా బోరు, స్ట్రోకు పెంచి 2.3 చేద్దాం అంటే తొందరపడి ఒప్పుకోకండి. బలంతో పాటు వేడీ పెరుగుతుంది. దాన్ని మోయాల్సింది అదే రేడియేటరు.


గోదారి_గట్టు

తప్పకుండా. ఒక చిన్న ప్రశ్న మిగిలింది. కొత్త హోసులు, రేడియేటరు వేశాక కూలెంట్‌లో గాలి మిగిలిపోతుందంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా?


వెస్టీ_వనజ

చేసుకోవచ్చు, తొందర లేకుండా. బండి ముందు భాగం జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. రేడియేటరు ఎత్తులో ఉంటే గాలి అక్కడికి చేరుతుంది. హీటర్ వాల్వులు తెరిచి పెట్టండి, వెనక సీటు కింద ఇంకో హీటరు ఉంటే దానిదీ. ఇంజన్ 2000 దగ్గర తిరుగుతుండగా ట్యాంకు నింపుతూ, రేడియేటరు పైన ఉన్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు ఆగి కూలెంట్ ధారగా వచ్చేదాకా ఉంచండి. మూత బిగించి ఒక చుట్టు తిరిగొచ్చి, పూర్తిగా చల్లారాక లెవెల్ మళ్ళీ చూడండి. ట్యాంకు మూత కూడా కొత్తది వేయండి. పాత మూత ప్రెషర్ పట్టకపోతే మీరు ఎంత బ్లీడ్ చేసినా ఎక్కుడులో నీళ్ళు మరుగుతాయి.


కొలరాడో_కృష్ణ

పిల్లలతో వెళ్ళేముందు, కూలెంట్ పని కంటే ముందు, పెట్రోలు హోసులన్నీ మార్చేయండి. ట్యాంకు దగ్గర నుంచి ఇంజెక్టర్ల దాకా ఒక్క ముక్క కూడా పాతది ఉంచొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు పగులుతుంది, వెనక వేడి ఇంజన్ మీద కారితే మంటలు అంటుకోవడానికి క్షణం పట్టదు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి పనికొచ్చే ఎస్ఏఈ జే30 ఆర్9 రకం హోసు కొనండి, మామూలు హోసు వద్దు. క్లాంపులు కూడా అంచు మడిచిన ఇంజెక్షన్ రకమే. పడక పక్కన ఒక అగ్నిమాపక సిలిండరు, డ్రైవరు సీటు దగ్గర ఇంకోటి పెట్టుకోండి.